మడిలోకి దిగిన ఆదివారం

బాప్తిస్మం ఇచ్చిన రోజున పెద్ద అయ్యగారు ఆవిడకు ప్రిస్కిల్ల అని పేరు పెట్టారు. తడి చీరతో గట్టెక్కేలోపే ఆ పేరు ఏట్లో కొట్టుకుపోయింది. పేటలో ఒక్కరికీ ఆ మాట నోరు తిరగలేదు. అసిరితల్లికి మొక్కుకుంటే పుట్టిందని కన్నతల్లి పెట్టిన పేరు అసిరమ్మ, అదే ఖాయమైంది. "అమ్మవారి పేరెట్టుకుని యేసయ్య పాటలు పాడతావేటే?" అని ఎవరైనా ఎకసెక్కమాడితే, "పేరు మాయమ్మ ఎట్టినాది, పాట నాను ఎట్టుకున్నాను. మద్దిన నీకేటి నొప్పి?" అని ఎదురడిగేది. ఆ దెబ్బతో అవతలివాళ్ళు దారి చూసుకునేవాళ్ళు.

శృంగవరపుకోటకు పడమర దిక్కున, కొండల కిందుగా ఉంటుంది నేరేడువలస. ఊరికి ఎడంగా పేట, పేట చివర మట్టిగోడల మందిరం. అసిరమ్మ మామ, ఆయన ఈడువాళ్ళు కలిసి రాత్రిళ్ళు మట్టి తొక్కి కట్టుకున్న మందిరం అది. అసిరమ్మ ఎల్లాజీని కట్టుకుని ఆ పేటకు వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి ఏమీ లేదు, గొంతు తప్ప. ఆ గొంతు మాత్రం మడికి ఈ గట్టున ఎత్తితే ఆ గట్టున పశువులు తలెత్తి చూసేవి.

అక్కడ వరి నాట్లను ఉభాలంటారు. ఆడవాళ్ళు వరసగా మడిలో నిలబడి, నడుం వంచి, ఒక్కొక్క అడుగూ వెనక్కు వేస్తూ ఆకు, అంటే వరినారు, నాటుతారు. ఒకామె పాట ఎత్తుతుంది, మిగతావాళ్ళు వంత పాడతారు. పాట నడిచినట్టు చెయ్యి నడుస్తుంది. పాట ఎత్తే మనిషి సరైనది కాకపోతే ఒకరు ముందు, ఒకరు వెనక అయిపోయి వరస పాము మెలికలు తిరుగుతుంది. అందుకే నేరేడువలసలో పొలం ఉన్న ఏ బుగత అయినా ఉభాలు మొదలుపెట్టే ముందు అసిరమ్మకే కబురు పెట్టేవాడు.

మందిరంలోనూ పాట ఆవిడదే. చదువు లేదు. విన్న వాక్యం విన్నట్టు గుండెలో పెట్టుకునేది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి దేవుడి కుండలో వెయ్యడం ఆ సంఘంలో ఆడవాళ్ళ ఆనవాయితీ. బియ్యం లేని రోజున అసిరమ్మ చోళ్ళు, అంటే రాగులు, వేసేది. చోళ్ళూ లేని రోజున ఖాళీ పిడికిలి కుండలోకి పెట్టి తీసేది. "అదేటే, దేవుడికి గాలి ఎడతన్నావా?" అని ఎల్లాజీ నవ్వేవాడు. "ఉన్ననాడు తిన్నోడు నేనినాడు ఊరుకోడేటి? మరిసిపోనేదని ఆయనకి తెలవాల కదా," అనేది. అప్పట్లో ఎల్లాజీ కూడా నవ్వుతూనే ఆవిడ పక్కన మోకరించేవాడు.

అరవై అయిదులో వాన మొండిచెయ్యి చూపించింది. అరవై ఆరులోనూ అంతే. పోసిన ఆకుమళ్ళు పోసినట్టే మాడిపోయాయి. ఇనుపరాయి తేవడానికి కొత్తవలస నుంచి కొండల్లోకి కొత్త రైలు లైను వేస్తుంటే పేటలో కాలూ చెయ్యీ ఆడేవాళ్ళందరూ రాళ్ళు కొట్టడానికి అక్కడికి పోయారు. ఎల్లాజీ కూడా పోయాడు. ఆ రెండో ఏడు ఎండల్లో, అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న వాళ్ళ కూతురు దయకు విరేచనాలు పట్టుకున్నాయి. కోట ఆసుపత్రికి ఎత్తుకుపోయేలోపే బిడ్డ చేతుల్లో చల్లబడిపోయింది.

ఎల్లాజీకి కబురు అంది, కొండలు దిగి వచ్చేసరికి గోతి మీద మట్టి ఆరిపోయింది. అతను ఏడవలేదు. గుమ్మంలో నిలబడి ఒకటే అడిగాడు.

"పేర్దన సేసినావా?"

"సేసినాను మావా."

"మరి?"

 ఆ 'మరి'కి అయ్యగారి దగ్గరా జవాబు ఉండదని అసిరమ్మకు తెలుసు. అందుకే అడగలేదు. ఆ రోజు నుంచి ఎల్లాజీ మందిరం గడప తొక్కలేదు.

అసిరమ్మ తొక్కింది. కానీ ఉన్నమాట చెప్పాలి. పాట నోట్లోంచి వచ్చేది, గుండెలోంచి కాదు. మోకరిస్తే మట్టినేల గట్టిగా తగిలేది, అంతే, ఇంకేమీ తగిలేది కాదు. పొయ్యి ఆరిపోయిన ఇంట్లో కూర్చున్నట్టుండేది. అయినా ఆదివారం వస్తే తెల్లచీర కట్టుకుని, చూపు లేని అత్త తాతమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళేది. మానేస్తే ఇక తనకంటూ ఏమీ మిగలదని భయం. భయంతో చేసేది భక్తి అవుతుందా అని తననే తాను అడుక్కునేది. అవుతుందో కాదో తేల్చుకోకుండానే మళ్ళీ ఆదివారం వచ్చేసేది.

చివరకు మందిరంలో మిగిలింది అత్తాకోడళ్ళిద్దరే. మగవాళ్ళు లైను మీద, ఆడవాళ్ళు కట్టెలమ్మడానికి కోట సంతలో.

నెలకోసారి సైకిలు మీద వచ్చే నరసింగరావు అయ్యగారు మంచివారే. ఇస్త్రీ బట్ట మీద చుక్క పడనివ్వని మనిషి, మాట కూడా అలాగే మడత నలక్కుండా మాట్లాడేవారు. అరవై ఏడు ఆషాఢంలో ఆయన ఖాళీ మందిరంలో వాక్యం చెప్పి, ముగించి, అసిరమ్మను బయటకు పిలిచారు.

"అమ్మా, ఉన్న విషయం చెబుతాను. నేను చూడాల్సిన ఊళ్ళు చాలా ఉన్నాయి. మనుషులు కూడని చోట సంఘం పేరు తీసేసి కోట సంఘంలో కలిపెయ్యమని పెద్దల నిర్ణయం. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాను. ఆ రోజు మంది కూడితే సరే. కూడకపోతే తలుపుకు తాళం వెయ్యక తప్పదు."

"కూడతారు అయ్యగారూ," అంది అసిరమ్మ. అనేశాకే ఆలోచన పట్టుకుంది. ఎక్కణ్ణుంచి కూడతారు? కోట దాకా నడవలేని ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఏమైపోతారు? ఆ గోడలకు మట్టి తొక్కినవాళ్ళకు ఏం చెప్పాలి? అన్నిటికంటే ముందు, ఆ తాళం పడితే తన లోపల మిగిలిన కాస్త కూడా మూతపడిపోతుందని ఆవిడకు రూఢిగా తెలుసు.

దేవుడు ఆవిడ మాట నిలబెట్టడానికా అన్నట్టు లైను పని అయిపోయింది. మగవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకు చేరారు. పేటలో పొయ్యిలన్నీ మళ్ళీ పొగ పెట్టాయి. అసిరమ్మ ఇల్లిల్లూ తిరిగి, చేతులు పట్టుకుని, గడ్డాలు పట్టుకుని మాట తీసుకుంది. "వస్తాంలేవే, సంపీకు!" అన్నారు అందరూ.

సరిగ్గా ఆ ఆదివారానికి ముందు, శుక్రవారం మధ్యాహ్నం, కొండ మీద మబ్బు కూర్చుంది. రెండేళ్ళ బాకీ ఒకేసారి తీర్చినట్టు కురిసింది. పిల్లలూ పెద్దలూ వీధిలోకి వచ్చి తడిశారు. అసిరమ్మ కూడా తడిసింది, ఏడ్చింది, సంతోషించింది. శనివారం సాయంత్రం బుగత జగన్నాధం నాయుడు తలమీద తాటాకుల వాన గిడుగుతో పేటలోకి వచ్చేదాకా ఆ సంతోషం నిలిచింది.

"రేపు తెల్లారేసరికి అందరూ ఉభాలకి రావాల," అన్నాడు నాయుడు. "రేపు మన వంతు నీరు."

చెరువు నీళ్ళు వంతులవారీగా మళ్ళకు మళ్ళిస్తారు. ఒకరి వంతు దాటితే మళ్ళీ వచ్చేదాకా ఎదురు చూడాల్సిందే. అసిరమ్మకు అది తెలుసు. తెలిసి కూడా అడిగింది.

"ఒక్క పూట బాబూ. పేర్దన అయిపోగానే వచ్చేస్తాం. రేపు మా అయ్యగారు వస్తన్నారు."

"ఒసే అసిరమ్మా, నూతి నీరు తోడి పెంచిన ఆకు ముదిరిపోయి ముసిల్దైపోనాది. ఎల్లుండికి ఎగువోళ్ళు నీరు మల్లించుకుపోతే నా మడిలో ఏటి నాటుతావు? మీ దేవుడే వాన ఇచ్చినాడంటావు కదా. ఇచ్చినోడు ఒగ్గేయమంటాడేటి?"

నాయుడు చెడ్డవాడు కాదు. కరువులో తన పాతర తెరిచి పేటకు చోళ్ళు పంచినవాడు. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. అసిరమ్మ పేటవాళ్ళ వంక చూసింది. ఒక్కరూ కళ్ళు కలపలేదు. పక్కింటి నీలవేణి, చంకలో పిల్లతో, తనే నోరు తెరిచింది.

"అలా సూడకప్పా. రెండేళ్ళు గెంజి నీళ్ళు తాగినాం. రేపు మడిలోకి దిగకపోతే మళ్ళీ ఏడు గెంజే. అయ్యగారు తాళం ఏసుకుంటే ఏసుకోనీ. దేవుడికి ఒక్క ఇల్లేనేటి?"

అసిరమ్మకు ఒళ్ళు మండింది. "మాట ఇచ్చి తప్పుతారా? మిమ్మల్ని నమ్ముకుని ఆయనకి మాట ఇచ్చినాను," అని అరిచింది. అరిచిన కొద్దీ జనం పలచబడ్డారు. ఎల్లాజీ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు. ఎప్పుడూ వేసే ఎత్తిపొడుపు మాట ఆ రోజు వెయ్యలేదు. అదే ఆవిడకు ఇంకా కష్టమనిపించింది.

ఆదివారం తెల్లవారింది. పేట పేటంతా మడికి పోయింది. ఎల్లాజీ నాయుడి ఎడ్లతో దమ్ము చెయ్యడానికి అందరికంటే ముందే పోయాడు. అసిరమ్మ తెల్లచీర కట్టుకుని అత్తను మందిరంలో చాప మీద కూర్చోబెట్టి, తను మోకరించింది. ప్రార్థన రాలేదు. పోట్లాట వచ్చింది.

"నీకు వారమంతా ఖాళీయే కదా, ఈ వంతు ఆదివారమే ఎందుకు ఎట్టినావు? బిడ్డని తీసుకున్నావు, ఊరుకున్నాను. మావ నిన్ను ఒగ్గేసినాడు, ఊరుకున్నాను. పాడమంటే పాడినాను. నా నోట్లో తీపి నేకుండా సేసినావు, అయినా పాడినాను. ఇంకేటి సెయ్యమంటావు నన్ను?"

ఏడాదిగా అడగని మాటలన్నీ ఆ పూట బయటపడ్డాయి. తాతమ్మ అడ్డు రాలేదు. కోడలి గొంతు అలిసిపోయి ఆగింది. ఆ నిశ్శబ్దంలో మడి వైపు నుంచి పాట వినిపించింది.

పాట అనడానికి నోరు రాదు. నీలవేణి ఎత్తినట్టుంది. ఆకాశమంత ఎత్తులో మొదలుపెట్టి, రెండో చరణానికే ఊపిరందక దగ్గింది. వంత పాడేవాళ్ళు సగం మంది ముందు, సగం మంది వెనక. మధ్యలో నాయుడి కేక: "ఓలమ్మో, ఇవేటి వరసలే! మేకలు తిరిగినట్టున్నాయి!"

అసిరమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. కన్నీళ్ళు తుడుచుకుంటూనే పొట్ట పట్టుకుని నవ్వింది. దయ పోయాక అలా నవ్వడం అదే మొదలు.

"నవ్వుతావేటే?" అంది తాతమ్మ. "ఎల్లు. అక్కడ పాట సచ్చిపోతంటే ఇక్కడ ఎవలకి కాపలా కూకున్నావు?"

"అయ్యగారు వస్తే?"

"నానున్నాను కదా. సంగం ఎటెల్లినాదో నాను సెప్తాను. ఎల్లు."

అసిరమ్మ లేచింది. తెల్లచీర మార్చుకోలేదు, కుచ్చెళ్ళు ఎగదోపుకుని అలాగే గట్టు వెంట పరుగులాంటి నడక నడిచింది. మడిలోకి దిగి, నీలవేణి పక్కన చోటు చేసుకుని, ఆకు కట్ట విప్పుతూ గొంతు సవరించుకుంది. అందరూ పాత ఉభాల పాట కోసం చెవులు నిక్కించారు. వరస అదే. మాటలే వేరు. ఆ మాటలు ఎప్పుడు కట్టిందో ఆవిడకే తెలియదు. నోరు తెరిస్తే వచ్చాయి.

"పైనున్న బుగత మన పేటకొచ్చినాడే..."

వంత అలవాటుగా లేచింది. "వచ్చినాడే ఓలమ్మ, వచ్చినాడే!"

"గట్టుమీద నిలవక మడిలోకి దిగినాడే..."

"దిగినాడే ఓలమ్మ, దిగినాడే!"

"మోకాటి బురదలో మన పక్కన ఒంగినాడే..."

"ఒంగినాడే ఓలమ్మ, ఒంగినాడే!"

వరస సర్దుకుంది. చేతులు ఒక్కసారి లేచి ఒక్కసారి వాలాయి. గట్టుమీద నాయుడు గిడుగు పైకెత్తి, "ఏ బుగతే, మడిలోకి దిగినాడు?" అన్నాడు అనుమానంగా. "మీరు కాదులే బాబూ, మీరు నిమ్మలంగా గట్టుమీదే ఉండండి!" అంది నీలవేణి. మడంతా ఘొల్లుమంది. ఊళ్ళోంచి వచ్చిన రైతుల ఆడవాళ్ళు కూడా వంత అందుకున్నారు. పాట ఎవరి దేవుడిదని ఉభాల్లో ఎవరూ అడగరు, చెయ్యి నడిస్తే చాలు.

పాడుతూ పాడుతూ అసిరమ్మ గమనించింది. పాట నోట్లోంచి రావడం లేదు. లోపల్నుంచి, ఆరిపోయిందనుకున్న చోటు నుంచి వస్తోంది. బిడ్డ పోయిన దుఃఖం ఎక్కడికీ పోలేదు. అది కూడా పాటలోనే ఉంది. ఆ పైనున్న బుగత ఆ దుఃఖం పక్కన కూడా వంగి ఉన్నాడనిపించింది. ఎందుకనిపించిందో చెప్పమంటే చెప్పలేదు. అంత సంతోషం ఆవిడకు జన్మలో తెలియదు.

అప్పుడు కనిపించారు నరసింగరావు అయ్యగారు. సైకిలు దారిలో పడుకోబెట్టి, తెల్లటి పంచెను రెండు చేతులతో పైకి పట్టుకుని, గట్టుమీద నిలబడి ఉన్నారు. పాట ఆగిపోయింది. నడుములు లేచాయి. అసిరమ్మ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. అంతా అయిపోయిందనుకుంది. అయినా నోరు మూసుకోలేదు.

"అయ్యగారూ, మందిని నాను మందిరానికి తేలేకపోనాను. అందుకని పేర్దనని మంది కాడికి తెచ్చినాను. తప్పయితే నన్ను తిట్టండి. సంగం పేరు మాత్రం కొట్టేయకండి."

 అయ్యగారు ఒక్కొక్కరి ముఖమే చూశారు. ఖాళీ చాపలకు వాక్యం చెప్పీ చెప్పీ అలిసిపోయిన మనిషి ఆయన. ఆ సంగతి ఆయన ముఖం చూస్తే అసిరమ్మకు అప్పుడే తెలిసింది. ఆయన వంగి చెప్పులు విడిచారు. పంచె ఎగ్గట్టి మడిలో అడుగు పెట్టారు. మోకాలి దాకా దిగబడి, పడబోయి, నీలవేణి భుజం పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఇస్త్రీ చొక్కా మీద బురద చిమ్మింది. ఆయన తుడుచుకోలేదు.

"పాట ఆపావేమమ్మా? నాకూ కాస్త ఆకు ఇవ్వండి."

పాట మళ్ళీ లేచింది. అయ్యగారు నాటినవి నాటినట్టే నీళ్ళమీద తేలాయి. నాయుడు కాసేపు ఓపిక పట్టి, పట్టలేక అరిచాడు. "అయ్యగారూ, దండం ఎడతాను. మీరు మాట సెప్పుకోండి. ఆకు ఆళ్ళు నాటుకుంటారు!"

అలా ఆ ఆదివారం వాక్యం మడిలో నిలబడి చెప్పడం జరిగింది. విత్తనాలు జల్లినవాడి కథ చెప్పారాయన. రాతినేల మీద మొలిచి వేరు లేక మాడిపోయిన విత్తనం గురించి చెబుతుంటే ఎల్లాజీ ఎడ్లను ఆపాడు. ఆపినందుకు నాయుడు తిట్టలేదు, అతను కూడా గట్టుమీద కూర్చుని వింటున్నాడు. చివర్లో అందరూ ఎక్కడున్నవాళ్ళు అక్కడే, బురద చేతులు జోడించి, తల వంచారు. ప్రార్థన ముగిశాక అయ్యగారు అసిరమ్మ వైపు తిరిగారు.

"తాళం తెచ్చాను సంచిలో. దాన్ని మళ్ళీ కోటకే తీసుకుపోతాను. ఉభాల నెలలో నేను ఇక్కడికే వస్తాను, మడిలోకే. పెద్దలకు నేను చెప్పుకుంటాను."

మడంతా ఒక్క కేక పెట్టింది.  అసిరమ్మ వంగి, చేతిలోని ఆకు నాటేసింది.

పొద్దు కొండ వెనక్కు వాలేలోపు ఆ పొలం చెక్కంతా పచ్చబడింది. అసిరమ్మ కాలవలో కాళ్ళు కడుక్కుని, మట్టి కొట్టుకుపోయిన తెల్లచీర జాడించుకునేసరికి ఆలస్యమైంది. పొద్దున్నుంచి మందిరంలో ఒంటరిగా కూర్చున్న అత్త గుర్తొచ్చి గబగబా నడిచింది.

మందిరం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. గుమ్మం నిండా వీపులు. కిటికీ దగ్గర వీపులు. ఎవరూ పిలవలేదు, ఎవరూ బతిమాలలేదు. కాళ్ళకు బురద ఆరకుండానే పేట పేటంతా వచ్చి కూర్చుంది. వంగి చూద్దామన్నా సందు దొరకలేదు. గుమ్మంలో పిల్లనెత్తుకుని నిలబడ్డ నీలవేణి వెనక్కు తిరిగింది.

"జాగా నేదప్పా. ఆలీసం సేసినావు."

లోపల ఎవరో పాట ఎత్తారు. మగ గొంతు. లైను మీద రాతిపొడి మింగి బొంగురుపోయిన గొంతు. తాళం తప్పుతూ, మాట తడబడుతూ, పైనున్న బుగత మన పేటకొచ్చినాడే అంటోంది. అది ఎల్లాజీ గొంతు.

అసిరమ్మ గోడ పక్కన తడినేల మీద కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెంటినీ రానిచ్చింది. ఆ సంఘంలో ఇన్నేళ్ళూ పాట ఎత్తిన అసిరమ్మ ఆ సాయంత్రం బయట కూర్చుని, మొగుడి పాటకు గొంతెత్తి వంత పాడింది.